ఒకే మంట, రెండు పనులు: మూతపడకూడని భవనాల ఇంధన లెక్క

కరెంటు పోతే ఆఫీసుకు తాళం వేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. బడికి సెలవు ఇవ్వొచ్చు, సినిమా హాల్లో ఆట ఆపేయొచ్చు. జైలుకు ఆ వీలు లేదు. వేలమంది ఖైదీలను చీకట్లో మరో చోటికి తరలించే పరిస్థితిని ఏ అధికారీ కోరుకోడు. వెంటిలేటర్ల మీద రోగులున్న ఆసుపత్రికీ, చట్టసభలు కొలువుదీరే ప్రాంగణానికీ, రక్షణ శాఖ కార్యాలయానికీ ఇదే ఇబ్బంది. గట్టి కాపలా నడుమ పగలూ రాత్రీ నడిచే ఇలాంటి ప్రభుత్వ భవనాలకు కరెంటు ఒక్కటే సరిపోదు. స్నానాలకు వేడినీళ్లు, వంటశాలకు ఆవిరి, చలిదేశాల్లో గదులకు వెచ్చదనం, ఉక్కపోత ప్రాంతాల్లో చల్లదనం కావాలి. చాలాచోట్ల వీటిని విడివిడిగా సమకూర్చుకుంటున్నారు. కరెంటు ఎక్కడో దూరాన ఉన్న కేంద్రం నుంచి తీగల మీద వస్తుంది. వేడి కోసం నేలమాళిగలో బాయిలరు మండుతుంది. ఆపద వస్తే పనికొస్తుందని ఓ డీజిల్ జనరేటర్‌ను మూలన పెట్టి ఉంచుతారు. ఈ పనుల్లో చాలా వాటిని ఒకే యంత్రంతో, ఒకే ఇంధనంతో చేయించే పద్ధతి కోజనరేషన్. పాత బాయిలరు గదులను ఈ పద్ధతికి మార్చిన అనుభవం అమెరికా, బ్రిటన్‌లకు దశాబ్దాలుగా ఉంది. ఆ అనుభవాన్ని జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆపదలో నమ్ముకోవాల్సింది రోజూ పనిచేసే యంత్రాన్నే. అయితే ఆ యంత్రం ఎంత పెద్దదై ఉండాలో కరెంటు బిల్లును చూసి తేల్చకూడదు, భవనం నిజంగా వాడుకోగల వేడిని చూసి తేల్చాలి.

దీని వెనకున్న భౌతికశాస్త్రం సరళమైనది. బొగ్గుతో నడిచే మామూలు విద్యుత్ కేంద్రంలో ఇంధనంలోని శక్తిలో మూడో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగిలినదంతా కూలింగ్ టవర్ల మీదుగా, పొగగొట్టాల గుండా గాలిలో కలిసిపోతుంది. దీనికి ఇంజనీర్లను తప్పుపట్టలేం. వేడిని పనిగా మార్చే ఏ యంత్రమైనా కొంత వేడిని తక్కువ ఉష్ణోగ్రత దగ్గర వదిలేయక తప్పదని థర్మోడైనమిక్స్ రెండో నియమం చెబుతోంది. అలా వదిలేసిన వేడి కరెంటు తయారీకి పనికిరాకపోవచ్చు గానీ, నీళ్లు కాచడానికీ ఆవిరి పుట్టించడానికీ దివ్యంగా పనికొస్తుంది. చిక్కల్లా దూరంతోనే. కరెంటును వందల కిలోమీటర్లు పంపవచ్చు, వేడినీళ్లను అలా పంపలేం. కాబట్టి యంత్రాన్నే వేడి అవసరమున్న చోటికి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకుంటే ఇంధనంలో మూడింట రెండొంతుల నుంచి ఐదింట నాలుగొంతుల దాకా పనికి వస్తుంది. తెలుగు రాష్ట్రాల చక్కెర మిల్లుల్లో జరిగేది ఇదే. చెరకు పిప్పిని మండించి, ఆ ఆవిరితో ముందు టర్బైన్ తిప్పి, తర్వాత అదే ఆవిరితో రసాన్ని మరిగిస్తారు. లండన్‌లో పిమ్లికో ప్రాంతపు ఇళ్లకు 1950 నుంచి థేమ్స్ నది అవతల ఉన్న బాటర్‌సీ విద్యుత్ కేంద్రపు మిగులు వేడిని గొట్టాల ద్వారా అందించారు. సూత్రం పాతదే. కాపలా భవనాలకు దాన్ని తగినట్టు మలచడమే ఇప్పటి పని.

ఈ మార్పును దగ్గరగా చూడాలంటే వాషింగ్టన్‌లోని క్యాపిటల్ పవర్ ప్లాంట్ చరిత్రను మించిన ఉదాహరణ దొరకదు. అమెరికా పార్లమెంటు భవనానికి కొద్ది దూరంలో ఉన్న ఈ కేంద్రం 1910లో పని మొదలుపెట్టింది. అప్పట్లో అది క్యాపిటల్ ప్రాంగణానికి కరెంటు, ఆవిరి రెండూ ఇచ్చేది. 1930లలో ఎయిర్ కండిషనింగ్ వచ్చాక చల్లటి నీటి సరఫరా కూడా దానికి తోడైంది. కరెంటు అవసరం పెరిగిపోవడంతో 1950ల మొదట్లో అక్కడ విద్యుదుత్పత్తి ఆపేసి, నగర గ్రిడ్ నుంచి కొనడం మొదలుపెట్టారు. అంటే తొలుత ఒకే మంటతో రెండు పనులు చేసిన కేంద్రం, తర్వాత ఆరు దశాబ్దాలకు పైగా కేవలం బాయిలరు గదిగా, కూలింగ్ కేంద్రంగా మిగిలిపోయింది. క్యాపిటల్‌తో పాటు సుప్రీంకోర్టు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, సభ్యుల కార్యాలయ భవనాలు దీని మీదే ఆధారపడ్డాయి. బాయిలర్లలో కొన్ని బొగ్గుతో నడిచేవి. బొగ్గు మానేయాలన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడు బొగ్గు గనులున్న రాష్ట్రాల సెనేటర్లు అడ్డుపడ్డారు. చివరికి 2009 ఫిబ్రవరిలో స్పీకర్ నాన్సీ పెలోసి, సెనేట్ నాయకుడు హారీ రీడ్ కలిసి, పూర్తిగా సహజవాయువుకు మారాలని ఆ కేంద్రాన్ని నిర్వహించే ఆర్కిటెక్ట్ ఆఫ్ ది క్యాపిటల్ కార్యాలయానికి లేఖ రాశారు. కొద్ది రోజులకే మంచు కురుస్తున్న మార్చి నెలలో వేలాది పర్యావరణ కార్యకర్తలు ఆ కేంద్రం గేట్ల ముందు నిరసనకు దిగారు.

ఇంధనాన్ని మార్చినంత మాత్రాన సరిపోదని, పద్ధతినే మార్చాలని అధికారులు గ్రహించడం ఇక్కడ అసలు విషయం. 2018లో అక్కడ 7.5 మెగావాట్ల గ్యాస్ టర్బైన్‌తో కోజనరేషన్ ప్రారంభమైంది. దాని పనితీరు ఇలా ఉంటుంది. టర్బైన్ గాలిని పీల్చి గట్టిగా నొక్కుతుంది. ఆ గాలిలో గ్యాస్ మండుతుంది. ఉబ్బిన వేడివాయువు రెక్కలను తిప్పితే జనరేటర్ తిరిగి కరెంటు పుడుతుంది. రెక్కలు దాటి బయటికొచ్చే పొగ అప్పటికింకా దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంటుంది. దాన్ని నేరుగా పొగగొట్టంలోకి వదలకుండా, సన్నటి రేకులు చుట్టిన గొట్టాల వరుసల గుండా పంపుతారు. ఆ గొట్టాల్లో పారే నీరు ఆవిరై, భూగర్భ సొరంగాల్లోని పైపుల మీదుగా భవనాలకు చేరుతుంది. అక్కడ వేడిని ఇచ్చేసి, మళ్లీ నీరుగా మారి వెనక్కొస్తుంది. చలి ముదిరిన రోజుల్లో ఆవిరి చాలకపోతే, టర్బైన్ పొగలో మిగిలి ఉన్న ఆక్సిజన్‌తోనే మరికొంత గ్యాస్ మండించి లోటు పూడ్చవచ్చు. గమనించాల్సిందేమంటే, ఈ టర్బైన్ ఆ ప్రాంగణం వాడే కరెంటు అంతటినీ ఇవ్వాలని పెట్టింది కాదు. గ్రిడ్ ఉంది, పాత బాయిలర్లూ ఉన్నాయి. రోజూ ఖర్చయ్యే ఆవిరికి తగ్గట్టు టర్బైన్‌ను ఎంచుకుని, దాంతో పాటు వచ్చే కరెంటును వాడుకోవడమే ఈ పద్ధతిలోని తెలివి.

రోజూ నడవడానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? డీజిల్ జనరేటర్ల కథ చూస్తే తెలుస్తుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం ఆసుపత్రుల్లోని అత్యవసర జనరేటర్ కరెంటు పోయిన 10 సెకన్లలో భారం ఎత్తుకోవాలి. నెలకోసారి అరగంట పాటు దాన్ని నడిపి పరీక్షిస్తారు. మిగతా సమయమంతా అది ఊరికే ఉంటుంది. బ్యాటరీ నీరసించినా, డీజిల్‌లో నీరు చేరినా, ఇంధన పంపు చెడినా పరీక్ష రోజు దాకా ఎవరికీ తెలియదు. 2012 అక్టోబర్ 29న శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు, నది ఒడ్డున ఉన్న ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రి నేలమాళిగలోకి నీళ్లు చేరి బ్యాకప్ కరెంటు ఆగిపోయింది. 300 మందికి పైగా రోగులను, పసికందులతో సహా, ఆ రాత్రి చీకటి మెట్ల మీదుగా దించాల్సి వచ్చింది. అదే తుపానులో బ్రాంక్స్‌లోని కో-ఆప్ సిటీ నివాస సముదాయం తన 40 మెగావాట్ల కోజనరేషన్ కేంద్రంతో వెలుగుతూనే ఉంది. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం గ్రిడ్‌ను వదిలి సొంత కేంద్రంతో నెట్టుకొచ్చింది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచెత్తినప్పుడు టెక్సస్ మెడికల్ సెంటర్‌కు అక్కడి 48 మెగావాట్ల కోజనరేషన్ కేంద్రం చల్లటి నీరు, ఆవిరి ఆగకుండా అందించింది. లాంగోన్ ఆసుపత్రి కూడా పాఠం నేర్చుకుని, తర్వాత సొంత కోజనరేషన్ కేంద్రాన్ని వరద మట్టానికి పైన కట్టుకుంది. రోజూ నడిచే యంత్రం పక్కన రోజూ మనుషులు ఉంటారు. దానికి చిన్న జబ్బు చేసినా ఆ పూటే తెలిసిపోతుంది.

జైళ్ల విషయానికొస్తే కాలిఫోర్నియాలో అలమేడా కౌంటీ నడిపే శాంటా రీటా జైలు చూడదగ్గది. సుమారు 4,000 మందిని ఉంచేందుకు కట్టిన ఆ జైలు కప్పు మీద 2002లోనే 1.2 మెగావాట్ల సోలార్ పలకలు పెట్టారు. 2006లో ఒక మెగావాట్ ఫ్యూయెల్ సెల్ వచ్చింది. ఇది గ్యాస్‌ను మంటగా మండించకుండా రసాయన చర్య ద్వారా కరెంటు తీస్తుంది. దాని లోపలి భాగం దాదాపు 650 డిగ్రీల వేడి మీద పనిచేస్తుంది కాబట్టి, బయటికొచ్చే వేడితో జైలు స్నానపు నీళ్లను ముందుగా కాచుకోవచ్చు. కానీ ఒక లోపం బయటపడింది. గ్రిడ్‌లో చిన్న కుదుపు వచ్చినా భద్రత కోసం ఫ్యూయెల్ సెల్ విడిపోయేది. అంత వేడి మీద ఉండే పరికరం ఒకసారి చల్లారితే మళ్లీ వేడెక్కి గాడిన పడటానికి రోజులు పడుతుంది. ఆ లోపు జైలుకు డీజిలే దిక్కు. అందుకే 2012 నాటికి అక్కడ మైక్రోగ్రిడ్, అంటే బయటి గ్రిడ్ లేకున్నా సొంతంగా నడవగల చిన్న విద్యుత్ వ్యవస్థ, పూర్తి చేశారు. 2 మెగావాట్లు ఇవ్వగల, 4 మెగావాట్-గంటలు నిల్వ చేసుకునే బ్యాటరీని, గ్రిడ్ చెడగానే మిల్లీసెకన్లలో జైలును వేరుచేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌ను అమర్చారు. జైల్లో ఆ మిల్లీసెకన్ల విలువ తెలిసిందే. తలుపుల తాళాలు, కెమెరాలు, వరండా దీపాలు ఒక్కసారిగా ఆగితే ప్రాణాల మీదికి వస్తుంది. బాగుచేయడమంటే పాత యంత్రం స్థానంలో కొత్తది పెట్టడంతో అయిపోదని, గ్రిడ్ నుంచి విడిపోయి ఒంటరిగా నిలిచే శక్తిని కూడా సమకూర్చాలని ఈ జైలు నేర్పింది.

సోలార్, బ్యాటరీలు ఉండగా మళ్లీ గ్యాస్ యంత్రమెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శాంటా రీటా జైలు గరిష్ఠ కరెంటు అవసరం సుమారు 3 మెగావాట్లు. 4 మెగావాట్-గంటల బ్యాటరీ ఆ భారాన్ని పూర్తిగా మోస్తే గంటన్నర కూడా నిలవదు. గ్రిడ్ విడిపోయిన క్షణాన్ని దాటించడానికి, పగటి ఎండను సాయంత్రానికి దాచడానికి అది గొప్ప సాధనం. తుపాను తర్వాత నాలుగు రోజులు మబ్బు పట్టినప్పుడు మాత్రం దాన్ని నింపే మరో వనరు ఉండాలి. ఇంకొందరి సందేహం గ్యాస్ పైపు గురించి. ఒక తీగ మీది ఆధారాన్ని ఒక పైపు మీదికి మార్చుకుంటే భద్రత ఎలా అవుతుందంటారు. భూమిలోని పైపులు గాలివానలను తీగల కన్నా బాగా తట్టుకుంటాయి గానీ, అవీ అజేయం కావు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో గడ్డకట్టే చలికి గ్యాస్ బావులే బిగుసుకుపోయి, విద్యుత్ కేంద్రాలు ఆగి, లక్షలాది ఇళ్లు చీకట్లో మగ్గాయి. కాబట్టి కాపలా భవనంలో గ్యాస్ ఆగినా డీజిల్‌తో నడవగల ఏర్పాటు ఉండాలి, కొన్ని రోజుల డీజిల్ నిల్వా ఉండాలి. గ్రిడ్ సాయం లేకుండా చీకట్లోంచి తనంతట తాను మొదలయ్యే సామర్థ్యం కూడా యంత్రానికి ఉండాలి. మూడో సందేహం హ్యాకింగ్. 2015 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌లో హ్యాకర్లు కంప్యూటర్ల ద్వారా సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తెరిచి సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు ఆపేశారు. సిబ్బంది స్వయంగా వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయడం వల్లే కొన్ని గంటల్లో తేరుకున్నారు. యంత్రం ఎంత ఆధునికమైనా, చేత్తో నడిపే దారిని మూసేయకూడదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ కార్బన్ గురించి. దీనికి లెక్క వేసే జవాబు చెప్పాలి. సహజవాయువులో ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్-గంట శక్తిని మండిస్తే సుమారు 0.2 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 100 యూనిట్ల గ్యాస్ పోస్తే 30 యూనిట్ల కరెంటు, 45 యూనిట్ల వాడదగ్గ వేడి ఇచ్చే ఒక మామూలు కోజనరేషన్ యంత్రాన్ని తీసుకుందాం. 100 యూనిట్లకు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. అదే 45 యూనిట్ల వేడిని 85 శాతం సామర్థ్యం గల బాయిలరుతో తెచ్చుకుంటే 53 యూనిట్ల గ్యాస్ పట్టేది, అంటే దాదాపు 10.5 కిలోలు. ఆ భాగాన్ని తీసేస్తే మిగిలిన 9.5 కిలోలు 30 యూనిట్ల కరెంటు ఖాతాలో పడతాయి. యూనిట్‌కు సుమారు 0.32 కిలోలు. ఇప్పుడు వేడిని వాడుకోకుండా గాలికి వదిలేశామనుకోండి. మొత్తం 20 కిలోలూ ఆ 30 యూనిట్ల మీదే పడి, యూనిట్‌కు 0.67 కిలోలవుతుంది. యంత్రం అదే, ఇంధనం అదే. వేడిని వాడారా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం రెట్టింపు తేడా చూపుతోంది. యంత్రం పరిమాణాన్ని వేడి అవసరమే తేల్చాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వేడిని వాడుకుంటే వచ్చే ఆ 0.32 అంకెను గ్రిడ్ పక్కన పెట్టి చూస్తే మరో నిజం కనిపిస్తుంది. బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడ్డ భారత గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. అమెరికా సగటు 0.4కు కొంచెం తక్కువ. బ్రిటన్‌లో అది 0.2 కన్నా కిందికి దిగింది. ఆ దేశం 2024 సెప్టెంబర్ 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని కూడా మూసేసింది. కాబట్టి ఒకే యంత్రం భారత్‌లో కార్బన్‌ను బాగా తగ్గిస్తుంది, అమెరికాలో కాస్త తగ్గిస్తుంది, బ్రిటన్‌లో పెంచుతుంది. ఇరవై ఏళ్ల కిందట బ్రిటన్ జైళ్లకు, ఆసుపత్రులకు తెలివైన ఎంపికైన గ్యాస్ కోజనరేషన్, ఇవాళ అక్కడ అదే రూపంలో కొనసాగడానికి తగదు. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని అందించే హీట్ పంపులు అక్కడ కార్బన్ లెక్కలో ముందున్నాయి. పైపుల్లోంచి గాలిలోకి జారే మీథేన్ నష్టమూ చిన్నది కాదు. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు దాటి భూమిని వేడెక్కిస్తుంది. వీటిని బట్టి కోజనరేషన్‌ను వదిలేయాలని నేననను. యంత్రాన్ని శాశ్వతమని భావించకుండా, 15-20 ఏళ్ల తర్వాత మార్చుకునే భాగంగా చూడాలి. పైపులు, వేడినీటి నిల్వ ట్యాంకులు, కంట్రోళ్లు మాత్రం దీర్ఘకాలానికి పనికొచ్చేలా వేసుకోవాలి. ఆవిరి బదులు తక్కువ ఉష్ణోగ్రత వేడినీళ్లతో నడిచేలా భవనాన్ని ఇప్పుడే మారిస్తే, రేపు హీట్ పంపు పెట్టినా, బయోగ్యాస్ వచ్చినా ఆ పైపులే సరిపోతాయి. రువాండా జైళ్లు ఖైదీల మరుగుదొడ్ల వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తీసి వంటశాలల్లో కట్టెల వాడకాన్ని బాగా తగ్గించుకున్నాయి. ఆ పనికి 2005లో ఆష్‌డెన్ అవార్డు కూడా దక్కింది. ఇంధనం గోడ లోపలే పుట్టగలదని అది రుజువు చేసింది.

వేడి పెద్దగా అక్కర్లేని మన ప్రాంతాల మాటేమిటి? మిగులు వేడితో చల్లటి నీరు తయారుచేసే అబ్సార్ప్షన్ చిల్లర్లు ఉన్నాయి, వాటితో ఏసీ నడపవచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన ట్రామా సెంటర్‌లో భారత్, జర్మనీ సహకారంతో ఇలాంటి ప్రయోగం చేపట్టారు. కానీ ఇక్కడా లెక్క తప్పకూడదు. సాధారణ అబ్సార్ప్షన్ చిల్లర్ 45 యూనిట్ల వేడితో 31 యూనిట్ల చల్లదనం ఇస్తుంది. అంత చల్లదనాన్ని మంచి ఎలక్ట్రిక్ చిల్లర్ ఆరు యూనిట్ల కరెంటుతోనే ఇవ్వగలదు. అంటే వేడిని వేడిగా వాడితే దక్కే లాభం, చల్లదనంగా మారిస్తే బాగా తగ్గిపోతుంది. అందుకే మన పెద్దాసుపత్రుల్లో, జైళ్లలో వరస ఇలా ఉండాలి: ముందు వంటశాల, లాండ్రీ, పరికరాలను శుద్ధిచేసే ఆవిరి, వేడినీళ్లు. ఇంకా వేడి మిగిలితేనే చల్లదనం. గ్యాస్ దొరుకుతుందా అన్నదీ చూడాలి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉత్పత్తి పడిపోయి ఆంధ్రప్రదేశ్ గ్యాస్ విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయిన సంగతి మరవకూడదు. అలాగని అవసరమే లేదనుకోవడమూ తప్పే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు స్తంభాలు, టవర్లు కూలి నగరం రోజుల తరబడి కరెంటు లేక అల్లాడింది. తీరం పొడవునా ఉన్న ఆసుపత్రులకు, జైళ్లకు అలాంటి రోజు మళ్లీ రాదనలేం.

పని జరిగే తీరు కూడా ముఖ్యమే. కాపలా భవనంలో యంత్రాన్ని ఆపి, గోడలు పగలగొట్టి, నెలల తరబడి బయటి కూలీలను తిప్పడం కుదరదు. కొత్త యంత్రాన్ని ఫ్యాక్టరీలోనే బిగించి, పరీక్షించి, పెట్టెలా తెచ్చి ప్రహరీ పక్కన దించాలి. పాతది నడుస్తుండగానే దాన్ని కలిపి, నిలకడగా పనిచేస్తుందని తేలాకే పాతదాన్ని తీయాలి. ఖర్చుకు వెరవక్కర్లేదు. క్యాపిటల్ కేంద్రం విషయంలో వాషింగ్టన్ గ్యాస్ సంస్థ ద్వారా పని చేయించి, ఆదా అయిన సొమ్ముతో తీర్చే ఒప్పందం కుదుర్చుకున్నారు. హుద్‌హుద్ తర్వాత విశాఖ వీధిదీపాలను ఎల్ఈడీలకు మార్చినప్పుడు ప్రభుత్వ రంగ ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్ఎల్‌తో చేసుకున్న ఏర్పాటు కూడా ఆ తరహాదే. అయితే ఇలాంటి ఒప్పందాల్లో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. అమ్మేవాడికి పెద్ద యంత్రం మీద ఆసక్తి. కరెంటు ఎక్కువ పుట్టినట్టు కాగితం మీద చూపితే ఆదా కూడా పెద్దదిగా కనబడుతుంది. వేడి మాత్రం గాలికి పోతుంది. దాన్ని అడ్డుకోవాలంటే చెల్లింపును పుట్టిన కరెంటుకు కాకుండా, వాడుకున్న వేడికి, నిజంగా తగ్గిన ఇంధనానికి ముడిపెట్టాలి.

కాబట్టి ఇలాంటి భవనాల బాధ్యత మోస్తున్న ఇంజనీర్లకు, అధికారులకు విన్నపం ఇది. టెండరు పిలిచే ముందు ఏడాది పొడవునా గంటగంటకూ ఎంత వేడినీరు, ఎంత ఆవిరి ఖర్చవుతోందో మీటర్లు పెట్టి కొలవండి. కారుతున్న పైపులు, చెడిన ఆవిరి ట్రాపులు ముందు బాగుచేయండి. అలా తగ్గాక కూడా ఏడాదిలో ఎక్కువ గంటలు తప్పక అవసరమయ్యే వేడి ఎంతో చూసుకుని, అంతకే యంత్రాన్ని కొనండి. ఆ వేడి పెద్దగా లేకపోతే కోజనరేషన్ జోలికి వెళ్లకుండా, ఆ డబ్బును సోలార్, బ్యాటరీ, నమ్మకమైన జనరేటర్ల మీద పెట్టండి. యంత్రం కొన్నాక ఏడాదికొకసారైనా గ్రిడ్ స్విచ్ నిజంగా తీసేసి, భవనం ఒంటరిగా నిలుస్తుందో లేదో పరీక్షించండి. వేడిని కొలవకుండా కొన్న కోజనరేషన్ యంత్రం ఖరీదైన జనరేటర్ మాత్రమే. కొలిచి కొన్నది ప్రజల డబ్బునూ కాపాడుతుంది, తలుపులు తెరిచి బయటికి పోలేని మనుషులనూ కాపాడుతుంది.